కాలని గుడ్డ

పోయిన సంక్రాంతి వెళ్ళాక మా అత్తయ్యను మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. 82 ఏళ్ళ మనిషిని ఊళ్ళో ఒక్కదాన్నే ఉంచడం ఇక కుదరదు. ఇల్లు అద్దెకిద్దామనుకుని, సామాను సర్దడానికి నేనూ మావారూ మూడు రోజులు అక్కడ ఉన్నాం. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో దగ్గరుండి చెబుతానంటే అత్తయ్యను కూడా వెంట తీసుకెళ్ళాం. ఆ రెండో రోజు నేను చేయకూడని పని ఒకటి చేశాను. నాలాగే పాత బట్ట కనిపిస్తే చేత్తో పట్టి చూడకుండా ఉండలేని వాళ్ళు ఇక్కడ చాలామంది చదువుతారు. అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను.

మాది చీరాల పక్కన నేత ఇల్లు. నాన్న మగ్గం మీద, అమ్మ కండెల దగ్గర, మేం పిల్లలం ఆసు దగ్గర. ఇప్పుడు నా పని పాత చీరల నమూనాలు సేకరించడం. అంచు, పల్లు, కౌంటు (దారం ఎంత సన్నమో చెప్పే లెక్క) అన్నీ రాసిపెట్టి, మళ్ళీ నేయించుకునే వాళ్ళకు ఇస్తాను. పాత గుడ్డ ఏ దారమో తెలియకపోతే మా ఇళ్ళల్లో చేసే పరీక్ష ఒక్కటే. ఒక పోగు లాగి, పురి విప్పి, అగ్గిపుల్ల చూపించాలి. నూలైతే గబుక్కున అంటుకుని కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద మెత్తగా రాలుతుంది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన, చివర్న నలిపితే పొడయ్యే నల్లటి గుండు. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. పదేళ్ళ వయసు నుంచి ఇదే చేస్తున్నాను. ఎప్పుడూ తప్పలేదు.

అటక మీద నుంచి మావయ్యగారి ట్రంకు పెట్టె దించాం. ఆయన గోదావరి జిల్లాల్లో ఒక చక్కెర ఫ్యాక్టరీలో 29 ఏళ్ళు బాయిలర్ దగ్గర పనిచేశారు. 2003లో పోయారు. అప్పటి నుంచి ఆ పెట్టె ఎవరూ తియ్యలేదు. పైన ఆయన ఖాకీ చొక్కాలు రెండు, ప్లాస్టిక్ కవర్లో బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్. వాటి కింద బొటనవేలు ఒక్కటే విడిగా ఉండే మందపాటి చేతి తొడుగులు, ఒక తాడు చుట్ట, నాలుగు మడతలు పెట్టిన గుడ్డ.

ఆ గుడ్డ చూడగానే నాకు మిగతావేవీ కనబడలేదు. సాదా నేత. పడుగూ (నిలువు పోగులు) పేకా (అడ్డం పోగులు) ఒకే లావు, రెండూ రెండు పేటల దారమే. నేత చాలా పలచన, పోగులు కంటితో లెక్కపెట్టొచ్చు. రంగు ఉతకని ముతక గుడ్డలాంటి తెలుపే గానీ దాని మీద బూడిద నీడ ఉంది. మెరుపు అన్నది లేదు. దుప్పటి ముక్క అనుకుని ఎత్తితే దుప్పటి కంటే బరువు తూగింది. పైన అంతా సన్నటి నూగు. బొటనవేలితో రాస్తే మెత్తగా, పిండి పట్టుకున్నట్టు ఉంది. అంచు దగ్గర పేక తిరిగిన తీరు చూస్తే మర మగ్గం పని అని తెలిసిపోతోంది. ఉన్నిలా ఉంది కానీ ఉన్ని వాసన లేదు. ఏ మిల్లుదో, ఏ దారమో అంతుపట్టలేదు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రెండు చేతులతో పట్టుకుని దులిపాను. ఎండలో దుమ్ము లేచి తేలింది. పైన ఫ్యాను తిరుగుతోంది. తర్వాత చిరిగిన చోట ఒక పోగు లాగాను. పురి విప్పితే పీచు దూదిలా విడిపోయింది. దూది పీచు లాగితే తెగుతుంది. ఇది తెగలేదు, నిలువునా చీలుతూ ఇంకా ఇంకా సన్నగా అయిపోతోంది. చివరికి కంటికి ఆనని చోట మాయమవుతోంది. అది చూసి ముచ్చటపడ్డాను. అగ్గిపుల్ల గీసి చూపించాను.

ముందు కాగితం కాలిన వాసన. నూలే అనుకున్నాను. పోగు నల్లబడి, ఎర్రగా కణకణలాడి, పుల్ల ఆరిపోగానే తెల్లగా అయింది. బూడిద రాలలేదు. పోగు పోగులాగే నా వేళ్ళ మధ్య ఉంది. రెండో పుల్ల గీశాను. మళ్ళీ అంతే.

వరండాలోంచి అత్తయ్య, "అది రాతినార గుడ్డమ్మా. ఎందుక్కాలుద్దీ?" అంది. "మీ మావయ్య పైపులకి చుట్టేవోరు. మిగిలిన ముక్క తెచ్చిచ్చారు. కుంపటి మీద గిన్నెలు దానితోనే దించేదాన్ని."

రాతినార. ఆ మాట చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదువుకున్నాం కదా, కడప జిల్లా ఖనిజాలు అని. ముగ్గురాయి, రాతినార. పులివెందుల చుట్టుపక్కల దొరికేది ఇదే. అక్కడి సున్నపురాతి పొరల్లోకి ఎప్పుడో భూమి లోపలి నుంచి నల్లరాయి కరిగి చొచ్చుకొచ్చిందట. రెండూ కలిసిన చోట రాయి మారిపోయి, పగుళ్ళలో పట్టులాంటి పీచు పుట్టింది. ఇంగ్లీషులో దాన్ని క్రిసోటైల్ అంటారు, తెల్ల ఆస్బెస్టాస్. జనుము నార, అరటి నార, గోగు నార వింటూ పెరిగిన నాకు రాతినార అనే పేరు సొంత మనిషి పేరులా అనిపిస్తుంది. ఆ పేరులో భయపడాల్సింది ఏమీ వినబడదు. రేకుల షెడ్డు ఆస్బెస్టాస్, దానివల్ల కేన్సర్ అని నాకు తెలియక కాదు. అదే ఆస్బెస్టాస్‌ను వడికి, పడుగు పోసి, నేస్తారన్న ఆలోచన మాత్రం నేత ఇంట్లో పుట్టిన నాకు ఎప్పుడూ రాలేదు.

మా ఆడపడుచు కొడుకు విశాఖ దగ్గర ఒక కెమికల్ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్. వాడికి ఫోన్ చేసి, గుడ్డ ఫొటో పెట్టాను. "అత్తా, దులిపారా?" అన్నాడు. అవునన్నాను. రెండు సెకన్లు మాట్లాడలేదు. తర్వాత చాలా నిదానంగా ఒక్కొక్కటీ చెప్పాడు.

"ముందు ఫ్యాను ఆపండి. గుడ్డ చేతిలో ఉంటే ఎక్కడుందో అక్కడే మెల్లగా పెట్టేయండి, మళ్ళీ మడతపెట్టొద్దు. అందరూ గదిలోంచి బయటికొచ్చి తలుపు వేసి, తలుపు కింద తడి తువ్వాలు పెట్టండి. చీపురు ముట్టుకోవద్దు. వాక్యూమ్ క్లీనర్ ఉన్నా వాడొద్దు, అది సన్న పీచును వెనక నుంచి మళ్ళీ గదిలోకే ఊదేస్తుంది. మీరు కట్టుకున్న చీర మీద కాసిని నీళ్ళు చల్లుకుని, దులపకుండా విప్పి, కవర్లో వేసి మూతి కట్టేయండి. మామూలు బట్టలతో కలిపి ఉతకొద్దు. తలస్నానం చేయండి. నేను పొద్దున్నే బయల్దేరి వస్తాను."

ఈ మాటలు కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. స్నానం చేస్తున్నంతసేపూ టెన్షన్‌తో చేతులు వణికాయి. నా గురించి కాదు. ఇంతకుముందు ఆ గదిలో ఆడుకుని వెళ్ళిన పక్కింటి పిల్లాడు గుర్తొచ్చాడు. వాడు పొద్దున వచ్చి వెళ్ళాడు, పెట్టె దించక ముందే. అది గుర్తు చేసుకుని గుర్తు చేసుకుని సమాధానపడ్డాను.

మర్నాడు మా ఆడపడుచు కొడుకు వచ్చాక చేసిన పని అంతా తలుపు దగ్గర నుంచే చూశాను. ఇలాంటి గుడ్డ మీ ఇంట్లో బయటపడితే ఎలా నడుచుకోవాలో తెలుస్తుందని రాస్తున్నాను. మీరే చేయమని కాదు. వాడు ఆ పనిలో శిక్షణ తీసుకున్నవాడు.

ముఖానికి ఎఫ్ఎఫ్‌పీ3 అనే రకం మాస్కు, చెంపలకు సందు లేకుండా. కరోనాలో మనం పెట్టుకున్న నీలం మాస్కులు, చీర కొంగు, తడిగుడ్డ దీనికి అడ్డు కావని చెప్పాడు. ఒంటికి వాడి పారేసే తెల్ల కవరాల్, చేతులకు గ్లవుజులు. స్ప్రే సీసాలో నీళ్ళు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు. సబ్బు కలిస్తే నీరు పీచులోకి తొందరగా ఇంకుతుంది. గుడ్డ మీద జోరుగా కొట్టలేదు, మంచు పడ్డట్టు పైన పైన చల్లుతూ, అది తడిసి బరువెక్కి కిందికి వాలేదాకా ఆగాడు. అప్పుడు దాన్ని ఎత్తకుండా అంచు నుంచి లోపలికి చుట్టి మందపాటి పాలిథిన్ కవర్లోకి జార్చాడు. మూతి మెలిపెట్టి, వెనక్కి మడిచి టేపు. కవరు బయటంతా తడిగుడ్డతో తుడిచి రెండో కవర్లో. దానికీ అదే కట్టు. తొడుగులు, తాడు చుట్ట, నేను కాల్చిన పోగు, ఆ అగ్గిపుల్లలు, నా చీర ఉన్న కవరు అన్నీ అలాగే. తర్వాత నేల, కిటికీ గూడు, ఫ్యాను రెక్కలు, ట్రంకు పెట్టె లోపలా బయటా తడిగుడ్డతో తుడిచాడు. ఒక గుడ్డను ఒకసారే వాడాలి, బకెట్లో జాడించి మళ్ళీ తుడవకూడదు. ఆ గుడ్డలూ అదే కవర్లోకి. చివర్న తన కవరాల్ కూడా తడిపి లోపలివైపు బయటికొచ్చేలా చుట్టుకుంటూ విప్పాడు. మాస్కు అన్నిటికంటే ఆఖర్న.

మా మగ్గాల మీద పేకను తడిపి నేస్తాం, పోగు తెగకుండా. మావాడు గుడ్డను తడుపుతుంటే అదే గుర్తొచ్చింది. ఇక్కడ తడి చేసేది పీచు గాలిలోకి లేవకుండా ఉండటానికి. పొడిగా ఉన్నంతసేపే దాని ప్రమాదం ఎక్కువ.

ఎందుకంత ప్రమాదమో అప్పుడే అడిగాను. నేను కిటికీ దగ్గర ముచ్చటపడి చూసిన గుణమే కారణం. నిలువునా చీలడం. ఎంత చీలినా పీచు పీచులాగే ఉంటుంది, తల వెంట్రుక కంటే వందల రెట్లు సన్నబడినా. అంత సన్నటిది ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు, ఊపిరితిత్తి అట్టడుగు గదుల దాకా పోతుంది. మామూలు దుమ్మునైతే అక్కడి కణాలు మింగి అరిగించుకుంటాయి. ఇది రాయి, అరగదు. పొడుగైన పీచును అవి పూర్తిగా మింగలేవు కూడా. అది అక్కడే ఉండి ఏళ్ళ తరబడి ఒరుసుకుంటుంది. ఊపిరితిత్తి మచ్చకట్టి బిగుసుకుపోతే ఆస్బెస్టోసిస్. లేదంటే కేన్సర్. ఊపిరితిత్తి పైపొరకు వచ్చే మీసోథీలియోమా అనే కేన్సర్ ఎక్కువగా దీనివల్లే వస్తుంది. పీల్చిన ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళకు బయటపడుతుంది. అందుకే ఏ ఇంట్లోనూ ఈ గుడ్డకూ ఆ జబ్బుకూ ముడిపెట్టుకోలేకపోయారు. సిగరెట్ అలవాటు కూడా ఉంటే ఊపిరితిత్తి కేన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఒక్కసారి దులిపితే వచ్చేస్తుందా అని కూడా అడిగాను. ముప్పు పీల్చిన మోతాదును బట్టి ఉంటుందన్నాడు. ఏళ్ళ తరబడి రోజూ పీల్చినవాళ్ళతో పోలిస్తే ఒక్కరోజుది చాలా తక్కువ. సున్నా అని మాత్రం అనలేం. "తేదీ రాసిపెట్టుకోండి, ఎప్పుడైనా డాక్టర్ దగ్గరికెళ్తే చెప్పండి, భయపడి నిద్ర పాడుచేసుకోకండి" అన్నాడు. రాసిపెట్టుకున్నాను.

నా సంగతి అలా ఉంచితే, ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అగ్గిపుల్ల. మన చేతిలో ఉన్న పరీక్ష ఇక్కడ అక్కరకు రాదు, పైగా కీడు చేస్తుంది. పోగు లాగడం, పురి విప్పడం, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం, మూడూ పీచును లేపే పనులే. ఇంత చేసినా తేలేది ఏమీ లేదు. రాతినారను ఒంటరిగా వడకడం కష్టం, జారిపోతుంది. అందుకని వడికేటప్పుడు నూలు కలిపేవారు, నూటికి పది పాళ్ళో ఇరవై పాళ్ళో. నాకు వచ్చిన కాగితం వాసన ఆ నూలుది. ఇంకోవైపు గ్లాస్ ఫైబర్ గుడ్డ కూడా కాలదు. సిరామిక్ పీచు కూడా కాలదు. కాలకపోవడం చూసి ఆస్బెస్టాస్ అని తేల్చలేం, కాగితం వాసన చూసి నూలు అనీ తేల్చలేం.

కంటికి కనబడే ఆనవాళ్ళు అనుమానించడానికి చాలు, తీర్పు చెప్పడానికి చాలవు. మొదట చూడాల్సింది గుడ్డను కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో. బాయిలర్, ఫౌండ్రీ, ఆవిరి ఇంజన్, ఓడ ఇంజన్ గది, వెల్డింగ్ షెడ్డు, పాత సినిమా హాల్లో ప్రొజెక్టర్ గది, అగ్నిమాపక సామాను. వేడి దగ్గర పనిచేసిన మనిషి ఇంటికి తెచ్చిన మందపాటి, మెరుపు లేని, బూడిద తెలుపు గుడ్డ అయితే చేయి వెనక్కి తీసుకోండి. గ్లాస్ గుడ్డ అయితే మెరుస్తుంది, జారుతుంది, తాకితే దురద పెడుతుంది. రాతినార మెత్తగా ఉంటుంది, దురద పెట్టదు. మెత్తగా ఉందని మోసపోకూడదు. కొన్నిట్లో పోగుతో పాటు సన్నటి ఇత్తడి తీగ కూడా నేసి ఉంటుంది. నీలం ఆస్బెస్టాస్ అని ఇంకొకటుంది, ఇంకా ప్రమాదం. కానీ మసి పట్టిన గుడ్డలో రంగును నమ్మలేం. తాళ్ళు, అల్లిక టేపులు, పొయ్యి తలుపు చుట్టూ కట్టే ప్యాకింగు, పంపుల్లో, వాల్వుల్లో ఆవిరీ నీరూ కారకుండా కుక్కే గ్లాండ్ ప్యాకింగు, పాత ఇస్త్రీ బల్ల మీది పరుపు, వంటింటి చేతి తొడుగులు, ఇవన్నీ ఆ కుటుంబమే.

చీరలు, ధోవతులు, దుప్పట్లు, జంపఖానాలు సేకరించేవాళ్ళు కంగారు పడొద్దు. ఒంటికి కట్టుకునే బట్టలో దీన్ని నేయరు. నిప్పు దగ్గర పనికొచ్చే గుడ్డలోనే నేస్తారు. పాతదే అవ్వాలని కూడా లేదు. మన దేశంలో తెల్ల ఆస్బెస్టాస్ వాడకం ఇప్పటికీ నిషేధం కాలేదు. బ్రిటన్ 1999లో నిషేధించింది, ఆస్ట్రేలియా 2003 ఆఖరులో, యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2005 కల్లా. మన దగ్గర ఈ తాడూ గుడ్డా ఇప్పుడు కొన్నవి కూడా అయ్యుండొచ్చు. దుకాణంలో ఇది గ్లాసుదా, సిరామిక్‌దా, ఆస్బెస్టాస్‌దా అని అడిగి కొనండి.

కచ్చితంగా తేల్చేది ల్యాబ్ ఒక్కటే. మావాడు తడిసిన గుడ్డ మూల నుంచి గోరంత ముక్క కత్తిరించి జిప్ కవర్లో వేసి, బయట తుడిచి, ఇంకో కవర్లో పెట్టి, పేరు రాసి హైదరాబాద్ పంపాడు. రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. క్రిసోటైల్ ఎక్కువ పాలు, మిగతాది నూలు. ఎలా తేలుస్తారో తెలుసుకుని నేను చాలాసేపు దాని గురించే ఆలోచించాను. పీచును ప్రత్యేకమైన నూనెలో ముంచి, పోలరైజ్ చేసిన, అంటే ఒకే దిశలో ఊగేలా చేసిన వెలుతురులో మైక్రోస్కోపు కింద పెడతారు. ఆ నూనె వెలుతురును ఎంత వంచుతుందో ముందే కొలిచి ఉంటుంది, 1.550 అని. పీచు నిలువుగా ఉన్నప్పుడు దాని అంచు వంకాయ పువ్వు రంగులో కనబడుతుంది, అడ్డంగా తిప్పితే నీలం అవుతుంది. రిపోర్టుతో పాటు ఫొటో పంపారు. నల్లటి నేల మీద ఉంగరాలు తిరిగిన నీలం, వంకాయరంగు దారాలు. మా కంజీవరం పల్లుల్లో ఆ రెండు రంగులూ ఎన్నిసార్లు కలిపి చూశానో.

ఆ రాత్రుల్లో నిద్ర పట్టక దీని చరిత్ర చదివాను. ఇది గనుల జబ్బు అనుకునేదాన్ని. ప్రపంచం దీన్ని ముందుగా కనిపెట్టింది వడికే చోట, నేసే చోట. 1899లో లండన్లో ఒక డాక్టర్ దగ్గరికి ఆయాసంతో ఒకతను వచ్చాడు. రాతినార ఏకే గదిలో తనతో పనిచేసిన పదిమందిలో తానొక్కడే మిగిలానని చెప్పాడు. 1924లో ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ అనే ఊళ్ళో నెల్లీ కెర్షా అనే ఆవిడ 33 ఏళ్ళకే చనిపోయింది. ఆవిడ పని రాతినారను దారంగా వడకడం. ఆవిడ ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టర్ కుక్ రాసిన దానితోనే ఈ జబ్బు వైద్య పత్రికలకెక్కింది. తర్వాత మెరీవెదర్, ప్రైస్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు ఆస్బెస్టాస్ నేత కార్మికులు 363 మందిని పరీక్షించి 1930లో నివేదిక ఇచ్చారు. నాలుగో వంతు మందికి పైగా ఊపిరితిత్తులు మచ్చకట్టి ఉన్నాయి. 1931లో అక్కడ చట్టం వచ్చింది. అంటే మా మావయ్యగారు ఉద్యోగంలో చేరేనాటికే ఈ సంగతి లోకానికి తెలిసి ముప్పై ఏళ్ళు దాటింది. తెలియాల్సిన మనిషి దాకా రాలేదు.

ఏకేవాళ్ళు, వడికేవాళ్ళు. దూది ఏకే గదిలో మా మేనత్త తల మీద, కనురెప్పల మీద తెల్లగా పేరుకుపోయేది. నవ్వుతూ తుడుచుకునేది. నెల్లీ కూడా అలాగే ఇంటికి వెళ్ళి ఉంటుంది.

రిపోర్టు వచ్చాక మావాడు ఫోన్ చేసి అడిగిన మాట వేరు. "అమ్మమ్మ తాత బట్టలు ఉతికేదా?"

ఉతికేది. క్రషింగ్ సీజన్లో ఆయన షిఫ్టు దిగి వస్తే చొక్కా మీద చెరకు పిప్పి, మసి, తెల్లటి నూగు. పెరట్లో జామచెట్టు కింద నిలబడి, చొక్కాను రెండు చేతులా పట్టుకుని చెట్టు మానుకేసి బాది, దులిపి, అప్పుడు నానబెట్టేదట. అలా 29 ఏళ్ళు. పెద్ద దుమ్ము పోకుండా నానేస్తే నీళ్ళు ఊరికే మురికవుతాయని అలా చేసేదాన్నని అత్తయ్య ఇప్పుడు కూడా ఎంతో జాగ్రత్తగా చెప్పింది, తను పొదుపుగా చేసిన పని కదా. ఫ్యాక్టరీకి ఎప్పుడూ వెళ్ళని ఆడవాళ్ళకు మగవాళ్ళ బట్టల ద్వారా ఈ జబ్బులు రావడం చాలా దేశాల్లో నమోదైంది.

అత్తయ్యకు ఎక్స్‌రే తీయించాం. ఊపిరితిత్తి పొర మీద రెండు వైపులా సున్నం పేరుకున్న మచ్చలున్నాయి. డాక్టర్ ముందు పాత టీబీ ఏమో అన్నారు. మావాడు రాసిచ్చిన కాగితం చూపించాక మళ్ళీ ఫిల్మ్ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు. ఆ మచ్చలు కేన్సర్ కాదనీ, కేన్సర్‌గా మారేవి కూడా కాదనీ, ఎప్పుడో రాతినార లోపలికి పోయిందనడానికి గుర్తనీ చెప్పారు. ఏడాదికోసారి చూపించుకోమన్నారు. మావయ్యగారు ఆఖరి మూడేళ్ళూ మంచం మీద కూర్చుని, ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఊపిరి తీసుకునేవారు. బీడీ ఆయాసం అనుకున్నాం. ఆయన ఎక్స్‌రేలు ఏవీ మిగల్లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆయాసంతో డాక్టర్ దగ్గరికి వెళ్తుంటే, వాళ్ళు ఏం పని చేశారో, ఇంట్లో ఎవరి బట్టలు ఉతికారో మీరే ముందుగా చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.

1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో, కార్మికుడి ఆరోగ్యం ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. వాళ్ళ వైద్య రికార్డులను కనీసం 40 ఏళ్ళు దాచాలని కూడా అందులో ఉంది. అత్తయ్యకు ఆ తీర్పు సంగతి చదివి చెప్పాను. "ఆయనకి మరి కాగితమేమీ లేదుగా" అంది.

ఇక ఆ కవర్ల సంగతి. మున్సిపాలిటీ చెత్తలో వేయకూడదు, కాల్చకూడదు, పెరట్లో పాతకూడదు. రేపు ఎవరో గునపం వేస్తారు. మన దగ్గర ప్రమాదకర వ్యర్థాలను శాస్త్రీయంగా పూడ్చే కేంద్రాలున్నాయి, విశాఖ దగ్గర పరవాడలో ఒకటి, హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ఒకటి. 2016 నిబంధనల్లో పారేసిన ఆస్బెస్టాస్ పేరు కూడా ఉంది. అయితే ఆ నిబంధనలు ఫ్యాక్టరీలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మేం వెళ్ళిన ఆఫీసులో ఒకాయన మర్యాదగానే కూర్చోబెట్టి, ఫ్యాక్టరీ పేరేంటి అని అడిగారు. ఫ్యాక్టరీ కాదండీ, ఇల్లు, ఒక ట్రంకు పెట్టె అన్నాను. ఆ ఫారంలో ఇల్లు అని రాసే గడి లేదు. తెల్లకాగితం మీద అర్జీ రాసి, ల్యాబ్ రిపోర్టు జత చేసి ఇచ్చి వచ్చాం. మూడుసార్లు తిరిగాం. ఇంకా తిరుగుతాం.

ఆ ఖాకీ చొక్కాల గురించి ఇంకో మాట. అవి ఇరవై ఏళ్ళకు పైగా ఆ గుడ్డ మీదే మడతపెట్టి ఉన్నాయి. వాటినీ కవర్లో వేయాల్సిందేనని మావాడు చెబితే అత్తయ్య ఒప్పుకోలేదు. "నేను ఉతుకుతాలే నాయనా, నాకు చేతకాదా?" అంది. వాడు ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, చేతులు పట్టుకుని, చాలాసేపు చెప్పాడు. చివరికి ఒక చొక్కాను కవర్లోనే పూర్తిగా తడిపి, రెండు ఇత్తడి గుండీలు కత్తిరించి, సబ్బునీళ్ళతో తుడిచి, కడిగి ఇచ్చాడు. సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో ఉంది కాబట్టి పైకవరు తుడిచి, అది తీసేసి కొత్తది వేశాడు.

కవర్లన్నీ మూత బిగించే ఇనప డ్రమ్ములో పెట్టి, ఆ ఇంట్లోనే వెనక గదిలో తాళం వేశాం. డ్రమ్ము మీద ఎర్ర పెయింటుతో నేనే రాశాను, పెద్ద అక్షరాలతో, తెలుగులో. "రాతినార గుడ్డ. తెరవొద్దు. దులపొద్దు." కింద మావారి ఫోన్ నంబరు. ఇల్లు ఇంకా అద్దెకివ్వలేదు.